పిల్లోళ్ళతో ఇంట్లోనే మట్టిపని, ఆకుపని ఎలా చేయించాలి (తిరుపతి ఎండకీ వానకీ తగ్గట్టు)

మూడేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలుండే ఇంట్లో జరిగే పనులు మాత్రమే చెప్తా. మిద్దె మీద రెండు కుండీలకి జాగా, లేదంటే ఎండ తగిలే కిటికీ గట్టు ఒకటి ఉంటే చాలు. ఆన్‌లైన్లో పిల్లల గార్డెనింగ్ కిట్ అని అమ్ముతుంటారు గదా, రంగుల డబ్బాలో చిన్న ప్లాస్టిక్ పార, నాలుగు విత్తనాల ప్యాకెట్లు, ఒక కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) బిళ్ళ, వాటికి డబ్బులు తగలేయొద్దండి, అందులో ఉండేదంతా మన వంటింట్లోనో వీధి చివర అంగట్లోనో దొరుకుతాది, పైగా ఆ ప్యాకెట్లో విత్తనం ఎప్పటిదో ఏమో.

ఇంకోటి, మనలో చాలామంది మొదట చేసే పని నర్సరీకి పోయి గులాబీ మొక్క తెచ్చి "ఇది నీ మొక్క, రోజూ నీళ్ళు పొయ్యి నాన్నా" అని పిల్లోడికి అప్పజెప్పడం. వాడు రెండు మూడు రోజులు పోస్తాడు, మొక్కలో ఏ మార్పూ కనపడదు, తర్వాత వాడికి అది అక్కడుందనే గుర్తుండదు, మనమేమో "నీకు శ్రద్ధ లేదు" అని తిడతాం. శ్రద్ధ లేక గాదు, నాలుగేళ్ళ పిల్లకి "వచ్చే నెల పువ్వు పూస్తాది" అంటే వచ్చే నెల అంటే ఏందో తెలీదు. అందుకే రేపు పొద్దున్నకే ఏదో ఒకటి కనపడే పనితో మొదలుపెట్టాలి, అది నడుస్తుండగానే నెలలు పట్టే పని ఇంకోటి పక్కన మొదలుపెట్టేయాలి. నేను చెప్పే వరుస కూడా అదే.

ముందు: ఏది ముట్టొచ్చు, ఏది ముట్టకూడదు

ఆకులూ గింజలూ ఏరుకురమ్మని పిల్లల్ని పంపేముందు ఇది చదవండి. గురివింద గింజలు, ఎర్రగా నల్ల చుక్కతో ముద్దొచ్చేట్టు ఉంటాయి, దండలు గుచ్చడానికి, బొమ్మల కళ్ళకి భలే ఉంటాయని చాలామంది వాడతారు. అవి విషం. పైతొక్క గట్టిగా ఉన్నంతసేపు సరే, కానీ పిల్లోడు నమిలినా, దండ కోసం మీరు చిల్లు పొడిచినా లోపలి విషం బయటికొస్తాది. ఆముదం గింజ కూడా అట్లాంటిదే. ఇవి రెండూ ఇంట్లోకే తేవద్దు. ఒకవేళ నోట్లో పెట్టుకున్నారంటే "చూద్దాంలే" అని కూర్చోకుండా ఆ గింజ ఒకటి చేతిలో పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తండి.

గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా వద్దు. వినాయక చవితికి పత్రిలో వీటిలో కొన్ని ఎట్లాగూ ఇంటికి వస్తాయి, పూజ అయిపోగానే పిల్లలకి అందకుండా తీసేయండి, జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా బాధ. ఖాళీ స్థలాల్లో తెల్ల పూలతో పెరిగే వయ్యారిభామ ముట్టుకుంటే కొందరికి దద్దుర్లు. ఇక మూడేళ్ళలోపు పిల్లలు పక్కన తిరుగుతుంటే చింతగింజ, శనగగింజ కూడా ప్రమాదమే, గొంతులో ఇరుక్కుంటాయి, వాళ్ళకి ఆకులు, మట్టి, నీళ్ళు చాలు.

అలిపిరి మెట్లెక్కుతా దారిలో కనపడిన కాయల్నీ కొమ్మల్నీ బ్యాగులో వేసుకొచ్చే అలవాటు కూడా పిల్లలకి చేయొద్దు. ఆ కొండ అడవి 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్, 2010లో శేషాచలం కొండల్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా కూడా ప్రకటించారు. ఎర్రచందనం కాయ, గుండ్రంగా చుట్టూ రెక్కతో అప్పడంలా ఉంటాది, పిల్లలకి చూపించండి, చూసి అక్కడే వదిలేయమనండి. మనకి కావాల్సిన మామిడాకు, రావాకు, వేపపుల్ల మన వీధిలోనే ఉండాయి.

రేపటికల్లా కనపడేది: నవధాన్యాల పాలికలు

బ్రహ్మోత్సవాలకి ముందురోజు తిరుమలలో అంకురార్పణ చేస్తారు గదా, విష్వక్సేనుల వారు ఊరేగింపుగా పోయి పుట్టమన్ను తెచ్చాక పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. పెళ్ళిళ్ళలో కూడా పిల్లలు చూసే ఉంటారు. అదే పని ఇంట్లో చిన్నగా చేద్దాం, పూజ లెక్కన గాకుండా ఆటగా.

కావాల్సినవి: పూజ సామాన్ల అంగట్లో నవధాన్యాలు అడిగితే తొమ్మిదీ ఇస్తారు, గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, అలసందలు, నువ్వులు, మినుములు, ఉలవలు. ఇంట్లో డబ్బాల్లోంచి తీసుకునేట్టయితే గుర్తుపెట్టుకోండి, పప్పు మొలవదు, బియ్యం మొలవదు, పొట్టు తీసిన తెల్ల నువ్వులు మొలవవు. కందిపప్పు పక్కన కందులు, బియ్యం పక్కన వడ్లు కావాలనే రెండూ వేసి చూపించండి, ఏది మొలకెత్తిందో ఏది కుళ్ళిందో పిల్లోడే చెప్తాడు, ఎందుకని వాడే అడుగుతాడు.

గిన్నెలకి టెంకాయ చిప్పలు. మన ఊర్లో టెంకాయ చిప్పలకి కరువా. మూడు కళ్ళుండే సగం తీసుకోండి, అందులో ఒక కన్ను మెత్తగా ఉంటాది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నీళ్ళు దిగడానికి చిల్లు రెడీ. ఈ పొడిచే పని మీదే, పిల్లలకి ఇవ్వొద్దు. చిప్ప నిలబడకపోతే కింద పాత గాజులు పెట్టండి.

1. రాత్రి ఒక్కో ధాన్యం ఒక్కో గ్లాసులో నానబెట్టండి. ఏ గ్లాసులో ఏముందో పిల్లోడికి ముందే చూపించండి, పొద్దున్నే లేచి ఏది ఎంత ఉబ్బిందో వాడే చూస్తాడు, మొదటి వింత అక్కడే.
2. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుకో కోకోపీట్టో ఒక పాలు. కలిపే పని పూర్తిగా పిల్లలకి వదిలేయండి, పేపర్ పరిచి, పాత బట్టలు వేసి, మీరు కొంచెం దూరంగా కూర్చోండి. రాళ్ళు ఏరడం, గడ్డలు నలపడం వాళ్ళకి అన్నిటికంటే ఇష్టమైన భాగం, దీన్ని మనమే తొందరగా చేసి పెట్టేసి "రా, విత్తనం వెయ్యి" అంటే ఆట మొత్తం లాగేసుకున్నట్టే.
3. చిప్పలో అంచుకి కొంచెం కిందదాకా మట్టి నింపి, గింజలు పరిచి, పైన పల్చగా మట్టి చల్లాలి. ఒక్కో చిప్పలో ఒక్కో ధాన్యం. అగ్గిపుల్లకి చిన్న కాగితం అంటించి దానిమీద అదే గింజని బంకతో అతికించండి, చదవడం రాని పిల్లలకి అదే బోర్డు.
4. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. చేతిని నీళ్ళలో ముంచి చిలకరించమనండి, లేదా కడిగిన స్ప్రే బాటిల్ ఇవ్వండి. రోజుకి రెండుసార్లు.
5. ఏది ముందు తల ఎత్తిందో గోడ మీద టీటీడీ క్యాలెండర్లో ఆ రోజు గడిలో బొమ్మ వేయించండి.

మామూలుగా పెసలు, అలసందలు ముందు బయటికొస్తాయి, వడ్లు, కందులు నింపాదిగా వస్తాయి. వారం తిరిగేలోపు పచ్చగా నిండిపోతాది. అప్పుడు ఒక చిప్పని బీరువాలో పెట్టండి, నీళ్ళు మాత్రం ఆపొద్దు. మూడు నాలుగు రోజులకి తీసి చూస్తే ఎండలో ఉన్నవాటికంటే పొడుగ్గా, పాలిపోయి పసుప్పచ్చగా ఉంటాయి, వెలుగు కోసం వెతుక్కుంటా సాగిపోతాయన్నమాట. మళ్ళీ ఎండలో పెడితే పచ్చబడతాయి. కిటికీ గట్టు మీద ఉన్నవేమో వెలుతురు వైపుకి వంగుతాయి, చిప్పని తిప్పి పెట్టమనండి, మర్నాటికి మళ్ళీ వంగుతాయి, పిల్లలు దీన్ని రోజుల తరబడి తిప్పుతానే ఉంటారు.

మొలకలు పెద్దవయ్యాక చిప్పల్లో నిలవవు. రెండు అలసంద మొక్కలు పెద్ద కుండీలోకి మార్చి, మిగతాది ఆవుకి పెట్టడమో ఎరువులో కలపడమో చేయండి.

మధ్యలో ఒక్కపూట పనులు

వీటికి పెద్ద వివరం అక్కర్లేదు. బెండకాయ తొడిమ వైపు కోసి, ఆ మొదలుని పసుపు నీళ్ళలోనో బీట్‌రూట్ రసంలోనో అద్ది కాగితం మీద ఒత్తితే పువ్వు. బీట్‌రూట్ రంగు కొన్నాళ్ళకి వెలిసిపోతాది, పిల్లలకి ముందే చెప్పండి. కొబ్బరాకుతో బూర, వాచీ, పాము, ఇవి మీకు రాకపోతే ఇంట్లో అవ్వనో తాతనో అడగండి, యూట్యూబ్ కంటే తొందరగా నేర్పిస్తారు, ఈనెలు మాత్రం మీరు తీసి ఇవ్వండి.

కొంచెం ఆగి చేయాల్సింది రంగులు మారే ఆట. పసుపు నీళ్ళలో కలిపి తెల్ల కాగితం అంతా పూసి ఆరబెట్టండి. బట్టల సబ్బు నీళ్ళలో ఇయర్‌బడ్ ముంచి దానిమీద గీస్తే గీసిన చోటల్లా ఎర్రగా అయిపోతాది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసేది ఇదే లెక్కమీద, కానీ సున్నం పిల్లల చేతికి ఇవ్వొద్దు, చర్మం, కళ్ళు కాలుతాయి, సబ్బు చాలు. ఆ ఎరుపు మీద నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు. శంఖుపుష్పాలు, ఆ నీలం రంగువి, ఒక పది గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే నీళ్ళు నీలంగా మారతాయి, నిమ్మకాయ పిండితే ఊదా, ఇంకొంచెం పిండితే గులాబీ. ఒక నిమ్మకాయతో సాయంత్రం మొత్తం గడిచిపోతాది.

కరేపాకు చెట్టు మీద పురుగు

కరేపాకు మొక్క, లేదా నిమ్మ మొక్క ఉంటే ఆకులు కొరికేసి ఉంటాయి, మనం చూడగానే మందు కొడతాం. ఈసారి ఆగండి. లేత ఆకుల మీద పిట్ట రెట్టలాగా నల్లగా తెల్ల మచ్చతో చిన్న పురుగు కనపడితే అది సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యేకొద్దీ పచ్చగా మారిపోతాది, ఆకులో కలిసిపోయి కనపడదు. సన్నటి పుల్లతో మెల్లగా ముట్టుకుంటే తల దగ్గర్నుంచి రెండు పాయల కొమ్ము ఒకటి నారింజ రంగులో బయటికి తీస్తాది, ఘాటు వాసన కూడా వస్తాది, మీదికొచ్చిన వాటిని భయపెట్టి తరమడానికి. ఒక్కసారి చూపిస్తే చాలు, పదే పదే పొడవొద్దని చెప్పండి.

పెంచాలంటే మూతకి దోమతెర గుడ్డ కట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న సీసాలో నీళ్ళు పోసి కరేపాకు రెమ్మ నిలబెట్టాలి, సీసా మూతి దూదితో మూసేయండి, లేకపోతే పురుగు నీళ్ళలో పడి చస్తాది. రోజూ తాజా రెమ్మ మార్చాలి, పెంట ఊడ్చాలి. మార్కెట్లో కొన్న కరేపాకు వేయొద్దు, మందు కొట్టి ఉంటారు. తిని తిని ఒకరోజు తినడం ఆపేసి పుల్లని పట్టుకుని గూడు కట్టుకుంటాది, నడుముకి సన్నటి దారం కట్టుకున్నట్టు కనపడతాది. అక్కడ్నుంచి పదిరోజులు అటూఇటూ. రెక్కలు బయటికొచ్చాక అవి విప్పుకుని ఆరేదాకా ముట్టకూడదు, తర్వాత మూత తీసి వదిలేయాలి.

ఒంటినిండా వెంట్రుకలుండే గొంగళిపురుగు మాత్రం వేరు, దాన్ని ముడితే దురద, వాటి జోలికి పోవద్దు.

నెలలు పట్టేది: బకెట్లో చెనిక్కాయలు

చిత్తూరు వైపు పిల్లోళ్ళకి చెనిక్కాయ (వేరుశనగ) తెలియకుండా ఉండదు, కానీ అది భూమి లోపల ఎట్లా కాస్తాదో టౌన్లో పెరిగే పిల్లలు చూడరు. నిజం చెప్పాలంటే ఇంట్లో పెంచడానికి టమోటా కంటే నాకు ఇదే బాగా నచ్చుతాది, టమోటాకి తెగులు, పురుగు, కర్ర కట్టడం, సవాలక్ష ఉంటాయి.

జూన్, జూలైలో వాన పడ్డాక మొదలుపెట్టండి. అడుగు లోతుండే పాత బకెట్, కింద చిల్లులు. మట్టి బాగా వదులుగా ఉండాలి, మూడో వంతు ఇసుక కలపండి, గట్టి మట్టిలో కాయ ఊరదు. వేయించని పచ్చి కాయలు తెచ్చి విత్తేరోజే ఒలవండి, గింజ మీద ఎర్ర పొర చిరగకూడదు, ఒలిచేటప్పుడు పిల్లలు సగం నోట్లో వేసుకుంటారు కాబట్టి కొంచెం ఎక్కువే తెచ్చుకోండి. రెండంగుళాల లోతులో, బకెట్‌కి మూడు గింజలు. వారం పదిరోజుల్లో మొలుస్తాయి. ఈ వారం ఉడతలతో, ఎలుకలతో జాగ్రత్త, తవ్వుకుని తినేస్తాయి, పైన ఇనుప జాలీ కప్పండి. కొండ దగ్గర వీధుల్లో ఉండేవాళ్ళకి కోతులుంటాయి, వాటికి జాలీ ఏం ఆనదు, బాల్కనీ గ్రిల్ లోపల పెట్టుకోవాల్సిందే.

ఇంచుమించు నెలకి చిన్న పసుపు పూలు వస్తాయి. ఇక్కడ్నుంచే అసలు సంగతి. పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి దూరుతాది, దాని కొసలో కాయ ఊరుతాది. పిల్లోణ్ణి రోజూ ఊడలు లెక్కపెట్టమనండి, ఎన్ని మట్టిలోకి దిగాయి, ఎన్ని ఇంకా గాల్లో ఉండాయి. గాల్లో ఉన్నవాటికి అందేట్టు మొదట్లోకి మట్టి ఎగదోయాలి. ఊడలు దిగే టైంలో కుండీని కదపొద్దు, మట్టి తవ్వొద్దు, "కాయ వచ్చిందా" అని పెకలించి చూడాలనిపిస్తాది పిల్లలకి, ఆ కోరిక తీర్చడానికి ముందే రెండో బకెట్ ఒకటి వేసుకుంటే మంచిది, దాన్ని వాళ్ళిష్టం వచ్చినప్పుడు పీక్కుంటారు.

రైతులు పూత టైంలో ఎకరాకి 200 కిలోల జిప్సం వేస్తారు, కాయ గట్టిగా నిండడానికి. మన బకెట్‌కి ఆ లెక్కన ఒక చిన్న స్పూన్ సరిపోతాది, ఎరువుల అంగట్లో దొరికితే వేయండి, దొరక్కపోతే ఏం గాదు.

మూడున్నర నాలుగు నెలలకి ఆకులు పసుపు తిరుగుతాయి. ఒక కాయ తీసి పగలగొడితే పెంకు లోపలి వైపు నల్లబడి ఉంటే రెడీ. నీళ్ళు పోసి మట్టి నానబెట్టి మొక్క మొదలు పట్టుకుని లాగడం పిల్లల పని. వేళ్ళకి చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, చెడిపోయిందనుకోవద్దు, వాటిలో ఉండే బ్యాక్టీరియా గాల్లో నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తాది. కాయలు కడిగి ఉప్పేసి ఉడకబెట్టండి.

పెద్ద పిల్లలకి: కాళహస్తి నల్లరంగు

ఆరేళ్ళు దాటిన పిల్లలుంటే ఇది చేయండి. కలంకారీ గుడ్డ మీద నల్ల గీత ఎట్లా వస్తాదో తెలుసా, బెల్లం, తుప్పు పట్టిన ఇనుము. శ్రీకాళహస్తి మనకి 40 కిలోమీటర్ల లోపే, ఆ ఊళ్ళో వాడే పద్ధతినే చిన్నగా చేసుకోవడం.

లీటర్ నీళ్ళలో గుప్పెడు తుప్పు మేకులు (మీరే వేయండి, గుచ్చుకుంటే టెటనస్ భయం), వంద గ్రాముల బెల్లం. మట్టికుండలో పోసి మూతికి గుడ్డ కట్టి నీడలో పెట్టాలి. సీసాలో పోసి బిరడా బిగిస్తే గ్యాస్ పట్టి పేలుతాది, అది మాత్రం చేయొద్దు. రెండు మూడు వారాలు, అప్పుడప్పుడూ కర్రతో కలపాలి. వాసన బాగుండదు, వంటింట్లో పెట్టకండి. తర్వాత వడగట్టండి.

గుడ్డకి పాత తెల్ల నూలు పంచె ముక్క, గంజి పోయేట్టు ఉతికింది. కరక్కాయ పొడి రెండు స్పూన్లు అరలీటర్ పాలలో కలిపి, గేదె పాలైతే మేలు, గుడ్డని పావుగంట నానబెట్టి పిండి ఎండలో ఆరేయండి. పాలలో కొవ్వు వల్లే గీత పక్కలకి పాకకుండా నిలుస్తాది. ఆరాక లేత పసుపు రంగులో ఉంటాది. కుంచె బదులు వేపపుల్ల నమిలి కుచ్చు చేసుకోండి, చిన్నపిల్లలైతే ఆకు వెనకవైపు ఈనెల మీద రంగు పూసి గుడ్డ మీద ఒత్తితే చాలు.

కుండలో రంగు చూస్తే అంత నల్లగా ఉండదు, గుడ్డకి తగిలాక నల్లగా మారుతాది. కరక్కాయలో ఉండే టానిన్ (వగరు పదార్థం), ఇనుము కలిసి ఆ నలుపు. గుడ్డ ఆరేలోపు కుండలో నీళ్ళు పనికొస్తాయో లేదో చూడాలంటే టీ డికాషన్ పూసిన కాగితం మీద ఒక చుక్క వేయండి, టీలో కూడా టానిన్ ఉంది, చుక్క నల్లబడితే సరే. బొమ్మ వేసిన గుడ్డని ఒకరోజు వదిలేసి, బకెట్లో నానబెట్టకుండా కొళాయి కింద పారే నీళ్ళలో ఉతకాలి, నిలవ నీళ్ళలో వేస్తే రంగు గుడ్డంతా అంటుకుంటాది. చొక్కాకి పడితే పోదు, ముందే చెప్తున్నా.

ఎప్పుడు ఏది

ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ఏ విత్తనమూ పెట్టకండి, నలభై దాటే ఎండకి టెంకాయ చిప్పలో మట్టి గంటలో ఎండిపోతాది. ఆ రెండు నెలలు రంగుల పని, కలంకారీ కుండ, గుడ్డ ఆరబెట్టడం. జూన్ నుంచి మట్టిపని. మన వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, నవంబర్లో తుఫాను అన్నారంటే కుండీలన్నీ సన్‌షేడ్ కిందికి జరిపి చిల్లులు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. కుండీ కింద ప్లేట్లు ఆ మూడు నెలలు తీసేయడమే మంచిది, డెంగీ దోమ నిలవ నీళ్ళలో గుడ్డు పెడితే వారం పదిరోజుల్లో దోమ అయి లేస్తాది, ప్లేట్లు ఉంచుకోవాలంటే వారానికోసారి నీళ్ళు పారబోసి బ్రష్‌తో అంచు రుద్దాలి, గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి. బ్రష్ పట్టుకోవడం ఐదేళ్ళ పిల్లోడికి వచ్చిన పనే, ఆదివారం పొద్దున వాడికి అప్పజెప్పండి.